కాలూ కాలువా

గురువారం పొద్దున రేపల్లె పాసింజరు దిగేసరికి ప్రమీలారాణి పొడవు నలభై రెండడుగులయింది. తెనాలిలో ఎక్కినప్పుడు అయిదడుగుల ఆరంగుళాలే.

దుగ్గిరాల పసుపు వ్యాపారి ఒకాయన తెనాలిలో మారి ఇదే బండెక్కి, పేపరు విప్పి జిల్లా పేజీ పైకి చదివాడు. "రేపల్లె డ్రిల్లు టీచరుకి ఆసియా పోటీల శిక్షణ శిబిరంలో చోటు. ట్రిపుల్ జంప్‌లో నలభై రెండడుగుల దూకుడు." మీటర్లంటే జనానికి బట్టలకొట్టు గుర్తొస్తుందనుకున్నాడో ఏమో, విలేకరి మీటర్లను అడుగుల్లోకి మార్చి ఊరందరికీ అర్థమయ్యేలా రాశాడు. అక్కడే వచ్చింది తంటా. అందరికీ అర్థమైపోయింది.

ప్రమీల పనిచేసే బాలికల హైస్కూలు వరండాలో ఒక నల్లబల్ల ఉంది. దాని మీద నిరుడు ఆమె లాంగ్ జంప్‌లో రాష్ట్రానికి మొదటిదానిగా నిలిచిన ముచ్చట సుద్దముక్కతో రాసి ఉంది. పందొమ్మిది అడుగులు. లెక్కల మాస్టారు ఆ బల్లనీ పేపర్నీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"నిరుడు పందొమ్మిది. ఈ యేడు నలభై రెండు. ఈ వరసలో పోతే పైయేటికి ఇక్కణ్ణుంచి లేచి తెనాలిలో దిగుతావమ్మా. పాసింజరు పాసు దండగ. ఏం తింటున్నావేంటి?"

"అది వేరే ఆటండి. ఇది ట్రిపుల్ జంప్. మగవాళ్ళకి ఎప్పట్నుంచో ఉంది, ఆడవాళ్ళకి పెట్టి రెండు మూడేళ్ళే అయింది" అంటూ ప్రమీల వరండాలోనే కొంగు దోపుకుని చూపించింది. "పరుగెత్తుకొచ్చి ఒక కాలితో లేస్తాం. మళ్ళీ ఆ కాలి మీదే దిగాలి. అది కుంటు. అక్కణ్ణుంచి రెండో కాలి మీదకి ఒక అంగ. ఆ కాలితో లేచి దూకు. అప్పుడు ఇసకలో పడతాం."

లెక్కల మాస్టారి మొహం పాలలో నీళ్ళు పట్టుకున్నవాడి మొహంలా వెలిగింది.

"అంటే మూడు దూకులు కూడి చెబుతున్నావన్నమాట! అది దూకుడు కాదమ్మా, కూడిక!"

మధ్యాహ్నం గంట కొట్టేలోగా ఆ మాట స్కూలంతా తిరిగి, గేటు దాటి, బజారులో టీ కూడా తాగింది.

సాయంత్రం ఆమె కరస్పాండెంటు కోటేశ్వరరావు దగ్గరికి బయల్దేరింది. ఆయన రైసుమిల్లు యజమాని, స్కూలు కమిటీకి పెద్ద. చెడ్డవాడు కాదు. ధాన్యం మీద ధ్యానం ఎక్కువ, అంతే. ఏ విషయమైనా గింజలాగా చేతిలోకి తీసుకుని నలిపి చూస్తే గాని నమ్మడు.

మిల్లు ముందు సిమెంటు కళ్లంలో ఉడకబెట్టిన వడ్లు ఆరబోసి ఉన్నాయి. పుల్లమ్మా, ఇంకో పదిమంది ఆడవాళ్ళూ కాళ్ళతో సాళ్ళు తీస్తూ వడ్లు తిరగేస్తున్నారు. కోటేశ్వరరావు గొంతుక్కూర్చుని గుప్పెడు గింజలు అరచేతుల మధ్య నలిపి, ఊది, ఒక గింజ పంటికింద పెట్టి టక్కున కొరికాడు. శబ్దం నచ్చలేదు. "ఇంకో ఎండ కావాలి" అని కేకేసి, అప్పుడు ఆమె వైపు తిరిగాడు.

"చెప్పమ్మా ప్రమీలా."

"సెలవు కావాలండి. నెల రోజులు. పటియాలాలో క్యాంపు. మంగళవారం బెజవాడలో రైలెక్కాలి. క్యాంపుకి పోకపోతే జట్టులోంచి తీసేస్తారు సార్. ఇంకో నాలుగేళ్ళ దాకా ఇలాంటి పోటీ లేదు. అప్పటికి నాకు ముప్పై దాటతాయి."

సెలవడిగితే ఆయన సెలవివ్వలేదు గాని ఇలా సెలవిచ్చాడు. "పేపరు చూశానమ్మా. సంతోషం. అయితే నలభై రెండడుగులంటే ఎంత? కంటికి ఆనాలి కదా! మన మిల్లు వెనక కాలువ ఇటు గట్టు నుంచి అటు గట్టుకి నలభై. ఆదివారం సాయంత్రం అది దూకేయ్. ఊరంతా చూస్తుంది. ఇంకా రెండడుగులు మిగుల్తాయి, అవి నీ ఇష్టం."

ప్రమీల నవ్వింది. ఆయన నవ్వలేదు. దాంతో ఆమె నవ్వు సగంలో దిగిపోయింది.

"కాలువ దూకలేనండి. మధ్యలో రెండుసార్లు కాలు ఆనించాలి."

"దేని మీద?"

"నేల మీద."

"కాలువలో నేల అడుగున ఉంటుంది కదమ్మా."

"అందుకేనండి దూకలేనంటున్నా."

కోటేశ్వరరావు ఇంకో గింజ కొరికాడు. "అయితే నలభై రెండడుగులు దూకానని పేపర్లో ఎట్లా వేయించుకున్నావు?"

"గుంటూరు పోయే బస్సు తెనాలిలో ఆగుతుంది సార్. అంతమాత్రాన గుంటూరు పోలేదని అంటామా?"

"అనం. ఎక్స్‌ప్రెస్ అని మాత్రం అనం!"

కళ్లంలో ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. పుల్లమ్మ ఒక్కతే నవ్వకుండా సాలు మధ్యలో ఆగి, ప్రమీల కాళ్ళ వైపు చూసింది.

"నీ మీద నాకేం లేదమ్మాయ్" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "నెల రోజులు పిల్లలకి డ్రిల్లుండదు. కమిటీలో నలుగురు నన్నడుగుతారు. ఇదిగో, కాలువ దూకింది చూశారుగా అంటే నోళ్ళు మూసుకుంటారు. మధ్యలో ఆగుతూ ఆగుతూ పోయింది అంటే ఏమంటారు? అట్లా అయితే మేమూ పోతాం అంటారు. దూకు, సెలవు తీసుకో. లేకపోతే లేదు."

శుక్రవారం ఊళ్ళో మైకు రిక్షా తిరిగింది. "రేపల్లె ఆడబిడ్డ! అంతర్జాతీయ క్రీడాకారిణి! ఆదివారం సాయంత్రం మిల్లు కాలువను ఒక్క ఊపులో..." ప్రమీల గ్రౌండులో పిల్లల చేత చేతులు చాపిస్తూ విన్నది. పిల్లల చేతులు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి, నోళ్ళు మాత్రం తెరుచుకున్నాయి. స్టేషనుకి పోయే దారిలో పుల్లమ్మ ఎదురైంది, నెత్తిన ఖాళీ గంపతో.

"టీచరమ్మా, ఈత వచ్చా?"

"రాదు పుల్లమ్మా."

"అయ్యో! అయితే సింగయ్య మావకి చెప్పి బల్లకట్టు పక్కనే ఉంచమంటాలే" అని ధైర్యం చెప్పి వెళ్ళిపోయింది. ఇది ఏ రకం ధైర్యమో ప్రమీలకి అంతుపట్టలేదు.

*

శనివారం బడి మధ్యాహ్నం నుంచే. పొద్దున్నే ఆమె బాపట్ల వెళ్ళింది. సరైన ఇసక గుంట ఉన్న గ్రౌండు అక్కడే ఉంది. అక్కడే అబ్రహాము మాస్టారూ ఉన్నాడు. రిటైరైన గేమ్సు మాస్టారు. మోకాళ్ళు రెండూ ఉద్యోగంతో పాటే రిటైరయ్యాయి. ఈల మాత్రం ఇంకా మెళ్ళోనే వేలాడుతోంది.

ప్రమీల ముందు పార తీసుకుని గుంటలో గడ్డకట్టిన ఇసక తవ్వి, చెప్పులు లేని కాలితో నొక్కి చూసింది. తర్వాత ఎగరడానికి కాలు మోపే చెక్కపలక దగ్గర నించుని, పాదం ముందు పాదం పెట్టుకుంటూ వెనక్కి కొలుచుకుంటూ పోయి, పరుగు మొదలుపెట్టే చోట ఇటుకముక్క పెట్టింది. మేకుల బూట్ల తాళ్ళు బిగించింది. అబ్రహాము మాస్టారు గుంట పక్కన కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన దూకు చూడడు, వింటాడు.

ఆమె పరుగెత్తింది. తప్. తప్. తప్. ఆపైన ఇసక చిమ్మిన చప్పుడు.

"రెండోది తొందరపడింది" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "మూడు చప్పుళ్ళూ గోడగడియారంలా సమానంగా వినపడాలి. ఏంటి కంగారు? ఆ పేరున్న జంతువు దూకుతుందిగాని, కంగారు పడే మనిషి దూకదమ్మాయ్."

ఆమె గుంట గట్టు మీద కూర్చుని బూట్లలో ఇసక దులుపుతూ కాలువ సంగతి చెప్పింది.

ముసలాయన ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండానే తీసేశాడు. "నీళ్ళలో సరే, కాలువగట్టు మీదైనా దూకకు. ఎండకి రాయైపోయి ఉంటుంది ఆ మట్టి. మడమ పోయిందంటే పటియాలా కాదు, పట్టీల ఆసుపత్రికి పోతావు."

"దూకకపోతే సెలవివ్వరు మాస్టారూ."

 ఆయన కర్రతో ఇసక గీరుతూ కూర్చున్నాడు.

"మాస్టారూ, ఒకటడుగుతా. మధ్యలో కాలు ఆనించుకోవడం మోసమేనంటారా? అందరూ అదే అంటుంటే నాకే అనుమానం వస్తోంది."

అబ్రహాము మాస్టారు పెద్దగా నవ్వాడు. "మోసం కాదే పిచ్చిదానా, మోత! అంత పరుగుతో వచ్చి ఒక్క కాలి మీద దిగినప్పుడు నీ ఒళ్ళు నువ్వే పదిమందిగా మారి ఆ కాలి మీద పడుతుంది. నా మోకాళ్ళనడుగు, చెబుతాయి. ఊళ్ళోవాళ్ళకి ఏం తెలుసు, కూర్చుని చూసేవాళ్ళు!"

సాయంత్రం బడి ముగించుకుని తెనాలి చేరేసరికి ఆమె భర్త బాబూరావు వాకిట్లో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. స్టేషన్లో పార్సిలు ఆఫీసు గుమాస్తా. భార్య పోటీలకి పోయినప్పుడల్లా బూట్ల సంచి పట్టుకుని వెనకాల నడుస్తాడు. ఆ ఇంట్లో దూకుడు ఆమెది, ఓపిక ఆయనది.

"మాస్టారు దూకొద్దన్నారు. కోటేశ్వరరావుగారు దూకితేనే అన్నారు. మీరేమంటారు?"

"నన్నడుగుతావేంటి, నేను కాలువ పక్క నుంచైనా సరిగ్గా నడవలేను. అయినా ప్రమీలా, ఒకటి చెప్పు. మధ్యలో కాలు పెడితే కొంచెం ఆసరా ఉంటుంది కదా? పెట్టకుండా పోవడం కంటే తేలికేగా?"

"రెండేళ్ళుగా చూస్తున్నారు, మీరూ అదే అంటారా? ఏదీ, దూకండి చూద్దాం!"

బాబూరావు చుట్టూ చూశాడు. సందులో ఎవరూ లేరు. లుంగీ మడిచి కట్టి, వీధి చివరి నుంచి పరుగెత్తుకొచ్చాడు. కుడికాలితో ఎగిరాడు. కుడికాలి మీదే దిగాడు. అంతే. కాలు ఒక్కసారిగా ఎవరో గుంజినట్టు మడతపడింది. రెండో అంగ గాలిలో వెతుక్కుంటూ పోయి, ఎదురింటి నీళ్ళ డ్రమ్ముని వాటేసుకుని ఆగాడు.

ప్రమీల పరుగెత్తుకెళ్ళి లేపింది. ఆయన దెబ్బ సంగతే మర్చిపోయి, తను దిగిన చోటుని వింతగా చూస్తున్నాడు.

"ఊపుందే, మంచి ఊపు. కాలు ఆనగానే ఏమయింది? ఎవరు పట్టుకుపోయారు?"

"నేల పట్టుకుపోయింది."

"ఛ! ఇదా సంగతి! ఇంతకాలం నీ బూట్లు మోశాను గాని ఈ బరువు తెలీదు." కుంటుతూ అరుగు మీద చతికిలబడి, ఆయన మళ్ళీ ఆ చోటే చూస్తూ ఉండిపోయాడు. "చూస్తే తెలిసేది కాదే ఇది."

ప్రమీల భర్త మోకాలికి పసుపు రాస్తూ రాస్తూ చెయ్యి ఆపింది. "ఏమన్నారూ?"

"చూస్తే తెలిసేది కాదంటున్నా."

మళ్ళీ రాయడం మొదలుపెట్టింది గాని, పసుపు మోకాలు దాటి పిక్క దాకా వచ్చినా ఆమె గమనించలేదు.

*

ఆదివారం ప్రమీల చర్చి నుంచి నేరుగా రేపల్లె వచ్చి కోటేశ్వరరావుని రెండు బళ్ళ ఊక అడిగింది. అవతలి గట్టున పడినప్పుడు దెబ్బ తగలకుండా కాబోలనుకుని ఆయన ఉత్సాహంగా మూడు బళ్ళు తోలించాడు. ఆమె ఆ ఊకని అవతలికి కాదు, ఇవతలి గట్టు మీదే ఒక చోట పోయించింది.

సాయంత్రానికి గట్టు మీద ఊరు ఊరంతా ఉంది. మిల్లు హమాలీలు, కాలేజీ కుర్రాళ్ళు, పిడతకింది పప్పు బళ్ళు. కమిటీ పెద్దలకి కుర్చీలు. కాలువ నిండుగా పారుతోంది, తనకి ఈ గొడవతో సంబంధం లేనట్టు.

ప్రమీల చీర కట్టుకునే వచ్చింది. జనం కొంచెం గొణిగారు. ఆమె తిన్నగా బల్లకట్టు సింగయ్య దగ్గరికి పోయింది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కట్టిన తాడు పట్టుకుని లాగుతూ అతను మనుషుల్ని దాటిస్తుంటాడు.

"బాబాయ్, ఆ తాడు విప్పించి ఇటు తెప్పిస్తావా? కాసేపే."

"తాడు విప్పితే అవతలివాళ్ళు అవతలే ఉండిపోతారమ్మా."

"ఇవతలివాళ్ళు ఇవతలే ఉంటారుగా, సమానమే."

నీళ్ళు కారుతున్న తాడుని ఆమె గట్టు మీద తిన్నగా పరిపించింది. ఒక కొస దగ్గర ముగ్గుపిండితో గీత గీసింది. రెండో కొస దగ్గర ఊక కుప్ప. గొణుగుడు ఆగిపోయింది. నీళ్ళ మీద ఉన్నప్పుడు ఏ మేకపిల్లయినా గెంతేస్తుందనిపించే కాలువ, నేల మీద పడుకోబెట్టేసరికి సాగిపోయింది. "ఇది మన కాలువేనా?" అని ఎవరో అనుమానపడ్డారు. సింగయ్యకి కోపమొచ్చింది. "ముప్పై ఏళ్ళనుంచి లాగుతున్నా, నా తాడు నాకు తెలీదా!"

"సార్" అంది ప్రమీల కోటేశ్వరరావు వైపు తిరిగి.  "మధ్యలో కాలు ఆనిస్తే దూకడం కాదన్నారు. అది తేలికన్నారు. ఎవరైనా సరే, ఎంత దూరం నుంచైనా పరుగెత్తుకు రండి. ఈ గీత దగ్గర లేచి, లేచిన కాలి మీదే దిగి, రెండో కాలితో అంగ వేసి, మూడోది దూకి, ఆ ఊకలో పడండి. ఒక్కరు పడినా నేను ఇదే చీరతో కాలువలోకి దూకుతాను. నాకు ఈత రాదు."

కోటేశ్వరరావు కుర్చీలో ముందుకి జరిగాడు.

ముందు కాలేజీ కుర్రాడొకడు వచ్చాడు, కబడ్డీలో పేరున్నవాడు. వాయువేగంతో వచ్చి ఎగిరాడు. దిగాడు. రెండో అంగకి మనిషి ముందుకీ కాలు వెనక్కీ పోయి బోర్లాపడ్డాడు. తాడు సగమైనా కాలేదు. "మునిగాడు!" అని అరిచారు జనం. తర్వాత బస్తాలు మోసే హమాలీలు. వాళ్ళు దిగినప్పుడల్లా గట్టు దద్దరిల్లింది గాని మనుషులు ముందుకి పోలేదు. "వీడూ నీళ్ళలోనే!" "వీడికి పీకల్దాకా వచ్చాయి!" ఒకడు తెలివిగా రెండు అంగలు ఎక్కువేసి ఊకలో పడ్డాడు. "బల్లకట్టెక్కి వచ్చావురా!" అని వాణ్ణి వెనక్కి తోలారు.

ఇంతలో పుల్లమ్మ గంప పక్కన పెట్టి, చీర గోచీ పోసి గీత దగ్గరికి వచ్చింది. తొక్కుడుబిళ్ళ ఆడినట్టు తేలిగ్గా కుంటింది, తేలిగ్గా అంగ వేసింది, రెండు కాళ్ళూ కలిపి గెంతింది. పోయింది కొద్ది దూరమే. పడకుండా నిలబడింది మాత్రం ఆవిడొక్కతే.

"కాళ్ళు సరిగ్గా పడ్డాయి!" ప్రమీల చప్పట్లు కొట్టింది.

"ఏం సరిగ్గా టీచరమ్మా, అరికాలు భగ్గుమంది!" అంటూ పుల్లమ్మ కాలు పట్టుకుని కూర్చుంది. "నువ్వు దీన్ని రోజూ దూకుతావా? ఎందుకు తల్లీ?"

ప్రమీల పక్కన కూర్చుని ఆమె అరికాలు రుద్దింది. 

పొద్దు వాలుతోంది. ఊక కుప్ప పోసింది పోసినట్టే ఉంది. కోటేశ్వరరావు చాలాసేపట్నుంచి కుర్చీలో కాళ్ళు కదిలిస్తున్నాడు. కుడి, కుడి, ఎడమ. చటుక్కున లేచి పంచె ఎగ్గట్టాడు. కమిటీ పెద్దలు "ఏంటండీ ఇది, మీ వయసేంటి" అంటూ చెయ్యి పట్టుకున్నారు. విదిలించుకున్నాడు. ఈ గింజ ఆయన కొరికి చూడాల్సిందే.

పరుగెత్తాడు. గీత మీద లేచాడు. కుడికాలి మీద దిగాడు. "హమ్మ" అన్న చిన్న చప్పుడు ఆయన నోట్లోంచి వచ్చింది. రెండో అంగ వేయలేదు. అక్కడే, తాడు పక్కన, కాలువ నడిమధ్యకి ఇంకా ఎంతో ఇవతల, మెల్లగా నేల మీద కూర్చుండిపోయాడు.

ఎవరూ మునిగాడని అరవలేదు.

ప్రమీల పరుగున వెళ్ళి పక్కన గొంతుక్కూర్చుంది. ఆయన మోకాలు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ముఖంలో నొప్పి కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది.

"మధ్యలో ఆనితే ఊపిరి తీసుకోవచ్చనుకున్నానమ్మాయ్."

"లేదండి. అక్కడే పోతుంది."

"అంతా పోయింది. ఊపు, పరుగు, మొత్తం. ఇక్కడ లేచి మళ్ళీ పోవాలా? రెండుసార్లు?" తల తిప్పి మిగిలిన తాడు వైపు చూశాడు. అది చాలా ఉంది. "ఆనకుండా పోవడమే నయం కదమ్మా!"

జనం ఓపిక అయిపోయింది. "టీచరమ్మ దూకాలి! మేం పడ్డాం, ఇక ఆమె దూకాలి!" కేకలు గట్టు పొడుగునా పాకాయి. ప్రమీల లేచింది. వేళ్ళు వాటంతటవే సంచీలోకి పోయి బూట్లని తాకాయి. అబ్రహాము మాస్టారి మాట గుర్తుంది. అయినా కాళ్ళు గీత వైపే లాగుతున్నాయి.

"నువ్వు నిజంగా దాటతావా ఇది?" కింద నుంచి అడిగాడు కోటేశ్వరరావు. సవాలుగా కాదు, తెలుసుకుందామని.

"తెలీదండి. పరుగెత్తేటప్పుడు పలకొక్కటే కనపడుతుంది. ఇంత పొడుగుంటుందని నేనూ ఎప్పుడూ చూళ్ళేదు."

ఆయన అరచేత్తో గట్టు మట్టిని తట్టాడు, వడ్లు చూసినట్టే. గోటితో గీరాడు. గోరు దిగలేదు. ప్రమీల భుజం ఆసరాగా లేచి నిలబడ్డాడు.

"ఎవరూ దూకక్కర్లా! ఈ నేల రాయిలా ఉంది. ఇళ్ళకి పోండి."

"మైకులో చెప్పారుగా!" అన్నాడు కబడ్డీ కుర్రాడు మోచేతుల మట్టి దులుపుకుంటూ.

"కాలువ దూకుతారని చెప్పా. దూకాను. మునిగాను. ఇంకేం కావాలిరా నీకు?"

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వులోనే ఒక్కొక్కరూ కదిలారు. పోతూ పోతూ కూడా కొందరు ఒంటికాలి మీద గెంతి చూసుకుంటున్నారు, ఎక్కడ పోతుందా ఊపు అని. కుర్చీల్లోంచి కమిటీ పెద్దల్లో ఒకాయన లేచి వచ్చాడు. "అయితే సెలవు సంగతేంటి కోటేశ్వరరావుగారూ? దూకలేదుగా మరి?"

"సెలవివ్వను" అన్నాడు కోటేశ్వరరావు.

ప్రమీల సంచీ పట్టు బిగిసింది.

"పనిమీద పోయే మనిషికి సెలవేంటండీ! స్కూలు తరఫున పోతోంది. ఆన్ డ్యూటీ. ఏం, మీకు అభ్యంతరమా? ఉంటే అదుగో గీత, ఇదుగో తాడు. ఒక్కసారి దూకి వచ్చి చెప్పండి."

ఆ పెద్దమనిషి గీతనీ తాడునీ చూసి, పైపంచె సర్దుకుని, తనకు పొద్దు పోయిందన్నాడు.

కోటేశ్వరరావు పుల్లమ్మ ఇచ్చిన కర్ర పట్టుకుని మిల్లు వైపు నాలుగడుగులు వేసి, ఆగి వెనక్కి తిరిగాడు. "అమ్మాయ్, అక్కడ పోటీలో మధ్యలో ఆనించావని ఎవడూ ఏమీ అనడుగా?"

"అనరండి."

"అంటే వాణ్ణి ఇక్కడికి పంపించు" అని వెళ్ళిపోయాడు.

గట్టు ఖాళీ అయింది. అవతలి ఒడ్డున మాత్రం పదిమంది గొంతులు చించుకుంటున్నారు, బల్లకట్టు ఏదని.

"కట్టేయనా అమ్మా?" తాడు కొస పట్టుకుని అడిగాడు సింగయ్య. "వాళ్ళు నన్ను తిడుతున్నారు."

"ఒక్క నిమిషం బాబాయ్."

ఆమె ముగ్గుపిండి గీత దగ్గరికి వచ్చి నించుంది. తాడు వెంబడే చూపు పోనిచ్చింది. మొదటిది ఇక్కడ పడుతుంది. రెండోది, అదుగో, కోటేశ్వరరావు కూర్చున్న చోటు దాటి, అక్కడ. అక్కణ్ణుంచి ఇంకా అంత. ఎన్నిసార్లు పోయి వచ్చిందో ఈ దూరం. ఒక్కసారీ నిలబడి చూసుకోలేదు.

"ఏం చూస్తున్నావమ్మా?"

"ఎట్లా పోతున్నానా అని" అంది ప్రమీల.

సింగయ్య కూడా ఆమె పక్కకి వచ్చి నించుని, అటే చూశాడు.